స్ప్రింగుకు ఎన్ని చుట్లు

షట్టర్ ఎత్తేవాడికి దాన్ని బిగించినవాడు గుర్తుండడు. లేవకపోతే మాత్రం గుర్తొస్తాడు, వాడి అమ్మానాన్నలతో సహా. రాష్ట్రం కలిసిన ఏడాది నుంచి ఇరవై ఏళ్ళకు పైగా నేను నాంపల్లిలోని ఒక కార్ఖానా తరఫున అబిడ్స్ దుకాణాలకు షట్టర్లు బిగించాను. తిట్లు సరిపడా తిన్నాను. అందులో సగం న్యాయమైనవే.

చదవడం, రాయడం నలభై దాటాక నేర్చుకున్నాను. అందుకని ఇందులో సొగసులు వెతకకండి. ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్ళ కోసం రాస్తున్నాను. వాళ్ళు చదవరని నాకు తెలుసు. చదివే అలవాటున్నవాడు ఈ పనిలోకి రాడు. అయినా ఎవరో ఒకరు నాలాగే ఆలస్యంగా అక్షరాలు పట్టుకుంటారేమోనని ఆశ.

నా జీతం ఎప్పుడు పెరిగింది, హెడ్ మేస్త్రీ ఎప్పుడయ్యాను అనేవి రాయను. వాటివల్ల మీకు ఒక్క స్ప్రింగు కూడా బిగించడం రాదు. నేను చేసిన ఒక తప్పు గురించి రాస్తాను. దానివల్ల వస్తుంది.

పని ఏమిటంటే

మొదట్లో దుకాణాలకు చెక్క పలకల తలుపులుండేవి. ఒక్కో పలకకు ఒక్కో అంకె వేసి ఉండేది. పొద్దున వరసగా తీసి గోడకు ఆనించాలి, సాయంత్రం మళ్ళీ వరసగా పెట్టాలి. నాలుగో పలక ఐదో పలక చోట దూరదు. దుకాణదారులకు ఓపిక ఉన్నంత కాలం అవే నడిచాయి. తర్వాత షట్టర్ మోజు వచ్చింది. షట్టర్ ఉంటే పెద్ద దుకాణం, పలకలుంటే చిన్న దుకాణం అన్నట్టయింది.

ఇనుప షట్టర్ ఇద్దరు మనుషులంత బరువుంటుంది. దాన్ని మనిషి ఎత్తడు, స్ప్రింగు ఎత్తుతుంది. మనిషి ‘లే’ అని చెప్తాడంతే. పైన అడ్డంగా ఒక పైపు, దాని రెండు చివర్లలో రెండు గుండ్రటి డబ్బాలు, ఒక్కో డబ్బాలో చుట్టచుట్టిన ఉక్కు పట్టీ. అదే స్ప్రింగు. గడియారంలో ఉండే స్ప్రింగు పెరిగి పెద్దదై, ఎవరిమీదో పగబట్టి కూర్చుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

షట్టర్ తగిలించే ముందే రెండు డబ్బాలనూ తిప్పి ఆ స్ప్రింగులను బిగించాలి. డబ్బాకు బెజ్జాలుంటాయి. ఒక ఇనుప కడ్డీ ఒక బెజ్జంలో పెట్టి తిప్పాలి, రెండో కడ్డీ తర్వాతి బెజ్జంలో దూర్చి పట్టు దొరికాకే మొదటిది తీయాలి. చుట్లు తక్కువైతే షట్టర్ బరువు. ఎక్కువైతే ఎగిరిపోతుంది, కిందికి రాదు. ఒకవైపు తక్కువ, ఒకవైపు ఎక్కువైతే వంకరగా లేచి పక్క గాడుల్లో ఇరుక్కుంటుంది. పనంతా ఇంతే. ఇది చెప్పడానికి రెండు నిమిషాలు చాలు. మా ఉస్తాద్ దీన్ని నాకు మూడేళ్ళు చెప్పకుండా నేర్పాడు.

కిషన్ ఉస్తాద్ లెక్క

ఉస్తాద్ పేరు కిషన్. పాత హైదరాబాదు మనిషి. కుడిచేతికి మూడు వేళ్ళు. మిగతా రెండూ ఏమయ్యాయని అడిగితే, “రెండో కడ్డీ దిగకముందే మొదటిది తీసిన. స్ప్రింగు వాపస్ దీసుకున్నది” అనేవాడు. వేళ్ళు స్ప్రింగు దగ్గర అప్పు తెచ్చుకున్నట్టు చెప్పేవాడు.

ఆయన దగ్గర రెండు నియమాలుండేవి. ఒకటి, చుట్లు పైకి లెక్కపెట్టకూడదు. నోరు ఆడితే చెయ్యి వదులవుతుందట. మనసులో లెక్కపెట్టుకుని ఆఖరి అంకె ఒక్కటే గట్టిగా అరవాలి. రెండోది, మొదటి చుట్టును ‘లాభం’ అనాలి. అది లెక్కలోకి రాదు. లాభం, తర్వాత ఒకటి, రెండు, మూడు. పది అడుగుల షట్టర్‌కు ‘ఎనిమిది’ దగ్గర ఆపాలి.

ధాన్యం కొలిచేవాళ్ళు మొదటి కొలతను ఒకటి అనకుండా లాభం అంటారని లోకానికంతా తెలుసు. నాకు తెలియలేదు. నాకు అంకెలు నేర్పింది బడి కాదు, ఉస్తాద్. ఆయన ఎలా లెక్కపెడితే ప్రపంచం అలాగే లెక్కపెడుతుందనుకున్నాను. మొదటి చుట్టును ఎందుకు వదిలేస్తామని ఒకసారి అడిగాను.

“నీకు పని గావాల్నా, కతల్ గావాల్నా?” అన్నాడు.

కారణం చాలా ఏళ్ళకు గానీ నాకు తెలియలేదు. కొత్త స్ప్రింగు మొదటి చుట్టులో బిగుసుకోదు, లోపలి వదులు మాత్రం తీరుతుంది. అందుకే ఆ చుట్టును లెక్కలో కలపలేదు. మంచి కారణమే. పెద్ద ఉస్తాద్‌లకు ఒక జబ్బుంటుంది. నియమాన్ని అందరికీ పంచుతారు, కారణాన్ని జేబులో పెట్టుకుని పోతారు. మీరు ఉస్తాద్‌లైతే ఆ జేబు చింపేయండి.

సత్తిబాబు

నేను మేస్త్రీ అయిన కొన్నేళ్ళకు సత్తిబాబు అని రాజమండ్రి వైపు మనిషి మా కార్ఖానాలో చేరాడు. వయసులో నాకంటే రెండేళ్ళు పెద్ద. అక్కడ లారీల కింద స్ప్రింగుల్లా బరువు మోసే కమాన్‌కట్టలు బాగు చేసిన చెయ్యి. ఉక్కు అంటే భయం లేదు, మాట అంటే అసలే లేదు.

మొదటిరోజే నేను పెద్దరికంగా చెప్పాను: “చుట్లు మనసుల లెక్కవెట్టాలె. మొదటిది లాభం. ఎనిమిదికి ఆపాలె. సమజైందా?”

“లాభం సంగతి మాకు చెప్తారేంటండీ మేస్త్రీ గారూ! పుట్టిన కాడ్నించీ వడ్లు కొలిచినోళ్ళం” అన్నాడు.

ఇంకేం, తెలిసినవాడు దొరికాడని సంతోషపడ్డాను. ఆ వారంలోనే ఇద్దరం కలిసి అబిడ్స్‌లో ఒకే వరసలో రెండు షట్టర్లు బిగించాం. ఎడమ డబ్బా నాది, కుడి డబ్బా అతనిది. నేను “ఎనిమిది!” అన్నాను. అతనూ “ఎనిమిది!” అన్నాడు. రెండు చోట్లా అంతే.

ఆ రెండు దుకాణాలూ తెనాలి వైపునుంచి వచ్చి స్థిరపడిన అన్నదమ్ములవి. అన్న ఆంజనేయులు గారిది ట్రంకు పెట్టెల కొట్టు. రెండు గుమ్మాల అవతల తమ్ముడిది గుండీలు, లేసులు, దారాల కొట్టు. తమ్ముడు జబ్బు చేసి అంతకు ముందే పోయాడు. ఆయన భార్య స్వరాజ్యమ్మ గారు ఆ కొట్టు చూసుకుంటున్నారు. షట్టర్లు ఆర్డరిచ్చింది ఆంజనేయులు గారు. పని బాగుందని రసీదు మీద సంతకం పెట్టిందీ ఆయనే.

పని అయ్యాక గుండీల కొట్టు షట్టర్ ఎత్తి చూశాను. నడుము దాకా వచ్చి కిర్రుమని పట్టేసింది. బలంగా లాగితే లేచింది. మూసినప్పుడు ఎడమ మూల కింద వేలు దూరేంత సందు ఉంది. నేల వాటంగా లేదన్నాను. బరువుందేమిటని స్వరాజ్యమ్మ గారు లోపల్నుంచి అడిగారు.

“కొత్తది గదమ్మా. నాలుగు దినాలు ఆడితే సాఫ్ అయితది” అన్నాను.

మా వృత్తిలో ఇంతకంటే పాత అబద్ధం లేదు. కొత్తగా వచ్చేవాళ్ళకు నా మొదటి మాట ఇదే: మీ నోటికి ఈ వాక్యం వచ్చిందంటే, మీరేదో తప్పు చేశారని మీ చేతికి అప్పటికే తెలిసిపోయిందన్నమాట.

నాంపల్లికి వచ్చిన ఆవిడ

నెల తిరిగాక, ఆషాఢంలో, స్వరాజ్యమ్మ గారు నాంపల్లి కార్ఖానాకు వచ్చారు. అక్కడికి ఆడవాళ్ళు రావడమే తక్కువ. మా సేఠ్ కుర్చీలోంచి లేవకుండానే విన్నాడు.

“ఆ షట్టర్ నడుము దాకా వచ్చి ఆగిపోతోందండీ. నావల్ల కావటం లేదు” అన్నారావిడ.

“షట్టర్ అంటే గంతేనమ్మా. మొగోళ్ళు ఎత్తేది గది. ఇంట్ల మొగోళ్ళు ఎవరు లేరా?”

“ఉన్నారండీ. అదే వచ్చిన చిక్కు.”

అప్పుడు సంగతి చెప్పారు. పొద్దున్నే ఆంజనేయులు గారు వచ్చి ఆవిడ కొట్టు తెరుస్తారు. తెరిచేవాడి దగ్గరే తాళాలుండాలంటారు. తాళాలున్నవాడే గల్లా ముందు కూర్చోవాలంటారు. పైగా పొద్దున్నే కొట్టు తెరిచే చెయ్యి మంచిదై ఉండాలి కదా అని, మాట సగంలో మింగేస్తారు. ఆవిడ వాదిస్తే, లైనులో దుకాణదారులందరి ముందూ ఒక మాట ఇచ్చేశారు. శ్రావణం మొదటి శుక్రవారం పొద్దున ఆవిడ ఒక్కతే షట్టర్ ఎత్తి చూపించాలి. ఎత్తితే తాళాలు ఆవిడవి. ఎత్తలేకపోతే ఆ మాట ఇంక ఎత్తకూడదు.

“తాళాలు ఆయన చేతిలో ఉంటే నేను ఆయన వంటింట్లో ఉంటానండీ. తిండికి లోటు చెయ్యరు. కానీ ఆ కొట్టు మా ఆయనా నేనూ పెట్టింది. ఏ గుండీ ఏ సొరుగులో ఉందో నాకే తెలుసు. ఇంక ఎనిమిది రోజులుంది.”

సేఠ్ చిన్న గ్రీజు డబ్బా తీసి బల్లమీద పెట్టాడు. “ఇది రాయండి” అన్నాడు.

మూల కూర్చుని బీడీ కాలుస్తున్న ఉస్తాద్ నావైపు తిరిగాడు. “పోయి చూసి రా మల్లేశ్. ఎత్తేటోళ్ళ తప్పైతే గ్రీజు. లేవనిదాని తప్పైతే నువ్వు.”

నా రిపేరు

సోమవారం సత్తిబాబును తీసుకుని వెళ్ళాను. షట్టర్ ఎత్తాను, నడుము దగ్గర పట్టింది, గట్టిగా లాగాను, లేచింది. నాకు లేచింది కాబట్టి షట్టర్ బాగానే ఉందనుకున్నాను. బరువు ఆవిడకు కదా, ఆడమనిషి కదా, రెండువైపులా ఒక్కో చుట్టు ఎక్కువిస్తే సరిపోతుందనుకున్నాను. చూడండి, ఆంజనేయులు గారిని వెక్కిరిస్తూ రాస్తున్నాను గానీ, ఆ రోజు ఆయన బుర్రా నా బుర్రా ఒకే అచ్చులో పోసినవే.

షట్టర్‌ను పైకి చుట్టి తాడుతో కట్టేసి, చెరో వైపూ ఒక్కో చుట్టు ఇచ్చాం. కిందికి దించాం. “ఇప్పుడు ఎత్తున్రి అమ్మా” అన్నాను.

ఆవిడ వంగి, అలవాటు ప్రకారం రెండు చేతులా బలమంతా పెట్టి లాగారు. షట్టర్ నడుము దగ్గర ఒక్క క్షణం కిర్రుమని, వదిలించుకుని, ఆవిడ గడ్డానికి జానెడు దూరంలోంచి దూసుకుపోయి పైన ఢామ్మని కొట్టుకుంది. దుమ్మంతా మా నెత్తిన పడింది. ఆవిడ తెల్లబోయి రెండడుగులు వెనక్కి పడ్డారు. నాకు ఉస్తాద్ మూడు వేళ్ళు కళ్ళముందు కనబడ్డాయి. ఆవిడ మొహానికి తగిలి ఉంటే ఇదంతా ఇలా నవ్వుతాలుగా రాసేవాణ్ణి కాదు.

చప్పుడు విని ఆంజనేయులు గారు పరుగెత్తుకొచ్చారు. “ఎత్తమంటే ఎగరేశావేమ్మాయ్!” అన్నారు.

అసలు కష్టం తర్వాత మొదలైంది. షట్టర్ పైన వంకరగా ఇరుక్కుంది. దాన్ని దించడానికి నేను, సత్తిబాబు, ఆంజనేయులు గారు ముగ్గురం వేలాడాం. లైనంతా బయటికి వచ్చి చూసింది. గొడుగుల కొట్టు పెద్దాయన టీ గ్లాసు పట్టుకుని మరీ వచ్చాడు.

“మేస్త్రీ, ఇంకో ఇద్దర్ని పిలువనా? జెండా ఎక్కియ్యొచ్చు” అన్నాడు.

ఆంజనేయులు గారు చొక్కా దులుపుకుంటూ మరదలితో మెల్లగా అన్నారు: “చూశావా? షట్టర్ కూడా ఒప్పుకోవటం లేదు. ఎందుకమ్మా నీకీ పంతం?”

ఆవిడ చీపురు తెచ్చి రాలిన దుమ్ము ఊడవడం మొదలుపెట్టారు. ఆ రోజు మొదటిసారి ఆవిడ ఓడిపోతున్నట్టు అనిపించింది. ఓడిస్తున్నది నేనని కూడా అనిపించింది.

గుండీల లెక్క

బుధవారం మళ్ళీ వెళ్ళి, ఇచ్చిన చుట్టు రెండువైపులా వెనక్కి తీశాం. షట్టర్ పాత బరువుకు వచ్చింది. నాకేమీ తోచక కొట్లో ముక్కాలిపీట మీద కూర్చున్నాను. సత్తిబాబు కడ్డీలు తుడుస్తున్నాడు. స్వరాజ్యమ్మ గారు ఒక దర్జీకి కోటు గుండీలు లెక్కపెట్టి ఇస్తున్నారు.

“లాభం, రెండు, మూడు, నాలుగు, ఐదు, ఆరు, ఏడు, ఎనిమిది.”

దర్జీ పొట్లం తీసుకున్నాడు. నాకు నచ్చలేదు. మంచి మనిషి అనుకున్న ఆవిడ ఇలా చేస్తుందా అనిపించింది. నోరు ఊరుకోదు కదా.

“అమ్మా, ఒక గుండీ తక్కువిచ్చిన్రు” అన్నాను.

“ఎనిమిది అడిగారు, ఎనిమిది ఇచ్చానండీ.”

“లాభం తర్వాత ఒకటి మరిచిపోయిన్రు గద.”

“లాభమే ఒకటి కదండీ!”

“లాభం ఒకటెట్ల అయితది? లాభం లాభమే. ఒకటి వేరే.”

దర్జీ నన్ను ఎగాదిగా చూశాడు. పొట్లం విప్పి గుండీలు బల్లమీద పరిచి లెక్కపెట్టాడు. ఎనిమిది ఉన్నాయి. ఇన్నేళ్ళూ మార్కెట్లో మామిడిపళ్ళవాళ్ళు నన్ను ఒక్కటి తక్కువిచ్చి మోసం చేస్తున్నారని కొట్లాడుతూ వచ్చాను. కొందరు భయపడి ఇచ్చేవాళ్ళు కూడా. ఆ పళ్ళన్నీ నేను దొంగతనంగా తిన్నట్టే.

అప్పుడు సత్తిబాబు వైపు తిరిగాను. “నువ్వు ఎట్ల లెక్కవెడ్తవ్?”

“లాభం, రెండు, మూడు... ఇంకెలా లెక్కెడతారండీ?”

“ఎనిమిది అనేసరికి ఎన్ని చుట్లయితయ్?”

సత్తిబాబు నావైపు జాలిగా చూశాడు. “ఎనిమిది అనేసరికి ఎనిమిదేనండీ. మరి మీకెన్నవుతాయేంటి?”

నాకు తొమ్మిది అవుతాయని ఒప్పుకున్నాను. ఎడమ డబ్బాకు నేను తొమ్మిది ఇచ్చాను, కుడి డబ్బాకు అతను ఎనిమిది ఇచ్చాడు. ఇద్దరం గట్టిగా ‘ఎనిమిది’ అని అరిచాం. ఎడమవైపు ముందు లేస్తోంది, కుడివైపు వెనకబడుతోంది, నడుము దగ్గర గాడిలో ఇరుక్కుంటోంది. ఎడమ మూల సందుకు నేలది ఏ పాపమూ లేదు. సోమవారం నేను చేసిన ఘనకార్యం ఆ తొమ్మిదిని పది చేసి, ఎనిమిదిని తొమ్మిది చేయడం. వంకర వంకరలాగే ఉంది, కోపం మాత్రం పెరిగింది.

కుడి డబ్బాకు ఒకే ఒక్క చుట్టు ఇచ్చాం. ఆ పనికి బీడీ కాల్చేంత సేపు కూడా పట్టలేదు.

స్వరాజ్యమ్మ గారు భయం భయంగా ఒక చేత్తో పట్టుకున్నారు. షట్టర్ చప్పుడు లేకుండా లేచింది. ఎక్కడ ఆపితే అక్కడ ఆగింది. ఆవిడ నవ్వలేదు, ఏడవలేదు. కిందికీ పైకీ ఐదుసార్లు ఆడించారు. తర్వాత తన అరచేతులు చూసుకున్నారు.

“ఇన్నాళ్ళూ తప్పు వీటిల్లో ఉందనుకున్నానండీ” అన్నారు.

సత్తిబాబు అటు తిరిగి, తుడిచిన కడ్డీలనే మళ్ళీ తుడవడం మొదలుపెట్టాడు.

శుక్రవారం

శుక్రవారం పొద్దున నేను వెళ్ళాల్సిన పని లేదు. షట్టర్ లేస్తుందని నాకు తెలుసు. అయినా వెళ్ళాను. పనివాడికి తన పని మెచ్చుకుంటుంటే దూరంగా నిలబడి వినాలని ఉంటుంది. ఈ బలహీనత మీకూ ఉంటుంది, దాచుకోండి.

లైనులో వాళ్ళంతా తాగిన టీనే మళ్ళీ తాగుతూ అక్కడే ఉన్నారు. ఆంజనేయులు గారు తాళాలు ఇచ్చి చేతులు కట్టుకుని నిలబడ్డారు. స్వరాజ్యమ్మ గారు తాళం తీసి, కొంగు నడుముకు దోపి, ఒక చేత్తో షట్టర్ ఎత్తేశారు. అంత తేలిగ్గా లేచేసరికి చూసేవాళ్ళకు నిరాశే కలిగింది.

ఆంజనేయులు గారు దగ్గరికి వచ్చి షట్టర్‌ను తాను ఒకసారి దించి, ఎత్తి చూశారు. నావైపు తిరిగారు.

“ఏం మేస్త్రీ, స్ప్రింగు బిగించి బొమ్మ షట్టర్ చేశావా? రేపు దొంగ వచ్చి వేలితో లేపుతాడు. ఇది షట్టరా, కిటికీ పరదానా? ఇలాంటిది ఎత్తటం ఎత్తటం కాదు. అసలు షట్టర్ ఎత్తాలి, అదీ మాట.”

గొడుగుల పెద్దాయన గడ్డం గోక్కున్నాడు. ఇద్దరు ముగ్గురు తలలూపారు. నిజమే కదా, ముందు బరువుండేది, ఇప్పుడు లేదు, ఏదో చేశారు అన్నట్టు చూశారు. స్వరాజ్యమ్మ గారు నావైపు చూశారు. నేను నోరు మూసుకుంటే ఆ తాళాలు ఆ క్షణంలోనే వెనక్కి పోయేవి. నోరు తెరిస్తే మా కార్ఖానా పరువు, నా మేస్త్రీతనం అబిడ్స్ నడిరోడ్డు మీద పోయేవి. నేను గొప్పవాణ్ణని అనుకోకండి. ఎటు పోదామా అని చాలాసేపే ఆలోచించాను. సత్తిబాబు నా వెనకనుంచి దగ్గాడు.

“బొమ్మ షట్టర్ గాదు సార్. ఇప్పుడున్నదే అసలుది. మొదలు బిగించిందే తప్పు. నా లెక్క తప్పింది. ఒక దిక్కు ఒక చుట్టు తక్కువ వడ్డది” అన్నాను.

“తప్పైతే నేనెలా ఎత్తాను ఇన్నాళ్ళూ?”

“వంకరగున్నదాన్ని గుంజి ఎత్తిన్రు సార్.”

ఎవరో కిసుక్కుమన్నారు. ఆంజనేయులు గారి చెవులు ఎర్రబడ్డాయి. అప్పుడాయనకు ఇంకో సంగతి తట్టింది. “అంటే... నా కొట్టుదీ?”

“అదీ గంతే సార్. గదే వారం, గదే లెక్క. ఇప్పుడే సరిజేస్త, అరగంట పని.”

ఒక్క క్షణం ఆయన మొహంలో ఆశ కనబడింది. నేను చూశాను. రోజూ పొద్దునా సాయంత్రం ఆ ట్రంకు పెట్టెల షట్టర్‌తో ఆయన నడుము పడే బాధ ఆ ఆశలో ఉంది. కానీ చుట్టూ లైనంతా ఉంది.

“అక్కర్లా. నాకెప్పుడూ బరువనిపించలా. మగాడికి అదో లెక్కా?” అన్నారు.

గొడుగుల పెద్దాయన టీ గ్లాసు కింద పెట్టాడు. “గట్లనే కానియ్యున్రి ఆంజనేయులు సాబ్. మీ షట్టర్ మీది. ఆమె షట్టర్ ఆమె ఎత్తింది. మాట మాటే.”

తాళాలు ఆవిడ చేతిలోనే ఉండిపోయాయి. ఆంజనేయులు గారు అలవాటు కొద్దీ లోపలికి వెళ్ళి గల్లా వెనక కూర్చోబోయారు. “బావగారూ, మీ కొట్టు తెరవటానికి పొద్దెక్కిపోతోందండీ” అన్నారావిడ, ఎంతో మర్యాదగా.

సంగతి కార్ఖానాకు నాకంటే ముందే చేరింది. సేఠ్ మండిపడ్డాడు. “తప్పు జేస్తే జేసినవ్. చెప్పుడెందుకు?” అని ఒక నెల నన్ను షట్టర్లు బిగించనియ్యకుండా షట్టర్ రేకు పట్టీలకు రంగులు వేయించాడు. ఉస్తాద్ మాత్రం నవ్వాడు.

“లాభం లెక్కల గలుపొద్దని నీకు జెప్పిన. పక్కోనికి గూడ జెప్పుమని అది వేరే చెప్పాల్నా?”

“ఎందుకు గలుపొద్దో చెప్తె నేనే చెప్తుంటి ఉస్తాద్” అన్నాను. జీవితంలో ఆయనకు ఎదురు చెప్పింది ఆ ఒక్కసారే. ఆయన బీడీ ఆర్పి, మొదటి చుట్టు గురించి మొత్తం చెప్పాడు. చెప్పడానికి రెండు నిమిషాలే పట్టింది.

అప్పటినుంచి నేను నోటి లెక్క మానేశాను. డబ్బా ఒకసారి పూర్తిగా తిరిగిందంటే గోడమీద సుద్దతో ఒక గీత. రెండువైపులా గీతలు ఒక్కటిగా ఉండాలి. అంకెలు ఎవరి నోట్లోనైనా మారతాయి, గీతలు మారవు. మీరూ అలాగే చేయండి.

ట్రంకు పెట్టెల షట్టర్

ఆంజనేయులు గారు ఆ వంకర షట్టర్‌ను ఇంకో రెండేళ్ళు ఎత్తారు. నేను అటు వెళ్ళినప్పుడల్లా చూసేవాణ్ణి. అరచేతుల్లో ఉమ్మి వేసుకుని, కాళ్ళు ఎడంగా పెట్టి, మూలిగి, లాగి ఎత్తేవారు. తర్వాత నడుము మీద చెయ్యేసుకుని కాసేపు ఊరికే రోడ్డు చూసేవారు, రోడ్డు మీద పని ఉన్నట్టు. చొక్కా లోపల నడుముకు మందు పట్టీ ఉండేదని లైనంతటికీ తెలుసు. నేను రెండుసార్లు సరిచేస్తానన్నాను. రెండుసార్లూ ముందు నా కండల సంగతి చూసుకొమ్మన్నారు.

ఒక ఏడాది వాళ్ళ ఊళ్ళో ఏదో పెళ్ళికని పదిరోజులు వెళ్ళారు. వానలకు కొట్లో నీళ్ళు దిగితే చూడాలి కాబట్టి తాళంచెవి ఎవరికో ఒకరికి ఇవ్వాలి. మరదలికే ఇచ్చారు.

“నీ దగ్గర ఉంచమ్మాయ్. ఎవరినైనా మగమనిషిని పిలిచి తెరిపించు. నువ్వెలాగూ ఎత్తలేవు కాబట్టి నాకు బెంగ లేదు” అన్నారట.

ఆవిడ నాకు కబురు పెట్టారు. ఆదివారం, అన్ని కొట్లూ మూసి ఉన్నాయి. ట్రంకు పెట్టెల షట్టర్‌కు చేరగిలబడి పాత పుస్తకాలు అమ్ముకుంటున్న అతన్ని బతిమాలి పక్కకు జరిపాం.

“పొద్దున్నే ఆ మూలుగు వినలేకపోతున్నానండీ. ఆయనకు మాత్రం చెప్పకండి” అన్నారు స్వరాజ్యమ్మ గారు. కుడి డబ్బాకు ఒక చుట్టు. సత్తిబాబు తిప్పాడు, నేను గీత గీశాను. ఆవిడ ఒక చేత్తో ఎత్తి చూసి, దించి, తాళం వేసుకున్నారు. ఆ పనికి డబ్బులు తీసుకోలేదు, ఎందుకంటే ఆ చుట్టు రెండేళ్ళ కిందటే మేం ఇవ్వాల్సింది.

ఆంజనేయులు గారు తిరిగొచ్చిన పొద్దున నేను కావాలనే అక్కడున్నాను. ఆవిడ షట్టర్ గాడికి నూనె రాస్తున్నట్టు కూర్చున్నాను. ఆయన తాళం తీశారు. అరచేతుల్లో ఉమ్మి వేసుకున్నారు. కాళ్ళు ఎడంగా పెట్టారు. రెండేళ్ళుగా ఎంత బలం పెడుతున్నారో అంతా పెట్టి లాగారు.

షట్టర్ తుపాకీ పేలినట్టు పైకి పోయింది. పైన పడుకున్న పావురాలు లైనంతా దాటి లేచిపోయాయి. ఆయన చేతులు రెండూ పైకెత్తి అలాగే నిలబడిపోయారు. గొడుగుల పెద్దాయన కొట్లోంచి తల బయటపెట్టాడు.

“అరె వా! ఏం తిన్నరు సాబ్ ఊర్ల?”

ఆంజనేయులు గారు షట్టర్ వైపు చూశారు. తన చేతులవైపు చూశారు. మెల్లగా ఛాతీ ముందుకు వచ్చింది.

“పది రోజులు మా ఊరి గేదె పెరుగు. అంతే” అన్నారు. తర్వాత మరదలి కొట్టు వైపు తిరిగి, “చూశావా అమ్మాయ్? దీనికి బలం కావాలి” అన్నారు.

“అవును బావగారూ” అన్నారావిడ తల ఎత్తకుండా.

ఆయన నా దగ్గరికి కూడా వచ్చి, చాలా కాలం తర్వాత భుజం మీద చెయ్యి వేశారు. “మేస్త్రీ, ఒక మాట గుర్తుపెట్టుకో. ఆవిడకు బిగించినట్టు తేలిక షట్టర్లు మగాళ్ళకు ఎప్పుడూ బిగించకు.”

“అట్లనే సార్” అన్నాను.